రొయ్యల రైతు ఇంట్లో రీఫ్ ట్యాంక్: శ్రీకాకుళం నుంచి ఒక కేస్ స్టడీ

ఇళ్లలో ఉప్పునీటి ట్యాంకులు కట్టడం నా పని. ఈ క్లయింటుది వెనామీ రొయ్యల సాగు. చెరువులు ఎచ్చెర్ల వైపు, కాపురం శ్రీకాకుళం టౌనులో. హాల్లో గోడకు ఆనించి మూడడుగుల ఉప్పునీటి ట్యాంక్ కావాలని, అందులో పగడాలు ఉండాలని అడిగారు, అంటే రీఫ్ ట్యాంక్. మామూలుగా కొత్త కస్టమరుకు సెలినిటీ (నీటి ఉప్పదనం) అంటే ఏమిటో చెప్పడానికే నాకు ఒక పూట పడుతుంది. ఈయన జేబులోంచి, ఉప్పదనం కొలిచే సొంత రిఫ్రాక్టోమీటర్ తీసి చూపించారు. పీహెచ్, డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), ఆల్కలినిటీ (నీటి క్షారత), అమ్మోనియా అన్నీ ఆయన రోజూ కాఫీ తాగుతూ మాట్లాడుకునే మాటలే. ఇంత తెలిసినవాళ్లతో పని సులువనిపిస్తుంది. సగం సులువుగానే అయింది. మిగతా సగం, చెరువు దగ్గర పండిన అలవాట్లు ట్యాంకులోకి దిగకుండా ఆపడానికే సరిపోయింది. ఈ తీరంలో ఆక్వా రైతులు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ రెండు సగాలూ రాసి పెడుతున్నాను.

ట్యాంక్ కొలతలు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. గ్లాసు పది మిల్లీమీటర్లు. కింద స్టాండులో సంప్ అనే రెండో నీటి తొట్టి. రాయి, ఇసుక ఆక్రమించే చోటు తీసేస్తే సంప్‌తో కలిపి నీళ్లు 200 లీటర్లకు కాస్త అటూ ఇటూ. మురికిని నురుగుతో లాగే ప్రోటీన్ స్కిమ్మర్, సంప్ నీటిని పైకి పంపే రిటర్న్ పంపు, గంటకు నాలుగు వేల లీటర్లు తోసే వేవ్ మేకర్, రీఫ్ ఎల్ఈడీ లైటు, నీటిని చల్లబరిచే చిల్లర్, తగ్గిన నీళ్లు తానే నింపుకునే ఆటో టాపప్ పెట్టాం. లైటు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మెత్తని పగడాలకు మధ్యరకం వెలుగు చాలు, రోజుకు ఎనిమిది గంటలు.

నీళ్ల దగ్గర మొదటి వాదన

"సముద్రం గంట దూరంలో పెట్టుకుని ఉప్పు డబ్బా కొనమంటావేటి తమ్ముడూ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకు తెలిసిన హేచరీలో (రొయ్య పిల్లల్ని పుట్టించే చోట) వడపోసిన సముద్రపు నీళ్లు కావలసినన్ని దొరుకుతాయి. కానీ మన తీరంలో సముద్రం ఏడాదంతా ఒకేలా ఉండదు. కళింగపట్నం దగ్గర వంశధార, కల్లేపల్లి దగ్గర నాగావళి కలుస్తాయి. వరదల కాలంలో ఒడ్డు దగ్గర నీళ్లు బురద రంగులోకి మారి ఉప్పు పడిపోతుంది. వానలు తగ్గాక కూడా గంగ, మహానది మోసుకొచ్చిన మంచినీళ్లు బంగాళాఖాతంలో తీరం వెంటే దక్షిణానికి దిగుతాయి. వెనామీ దీన్ని లెక్కచేయదు, ఐదు పీపీటీలోనూ (వెయ్యి పాళ్లకు ఐదు పాళ్ల ఉప్పు) పెరుగుతుంది, ముప్పైలోనూ పెరుగుతుంది. పగడం అలా కాదు, దానికి 35 పీపీటీ కావాలి. అదీ ఈ వారమూ వచ్చే వారమూ ఒకేలా ఉండాలి.

అయితే నౌపడ ఉప్పు కలుపుకుందాం, మన జిల్లాదే కదా అన్నది తర్వాతి ప్రశ్న. ఉప్పు మడిలో సముద్రపు నీరు ఇంకిపోతున్నప్పుడు ముందు సున్నం, తర్వాత జిప్సం అడుగున పడతాయి. ఆ తర్వాతే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చివరిదాకా ఆ చేదు నీళ్లలోనే మిగిలి, వాటితోపాటు బయటికి పోతాయి. అంటే కళ్లుప్పులో మనకు మిగిలేది దాదాపు సోడియం క్లోరైడే. రీఫ్ ట్యాంకుకు లీటరులో 400 మిల్లీగ్రాములు దాటి కాల్షియం, 1,300 దరిదాపుల్లో మెగ్నీషియం ఉండాలి. ఉప్పు మడిలో పోగొట్టినవే అవి. అందుకే రీఫ్ సాల్ట్ కొన్నాం. లీటరుకు సుమారు 37 గ్రాముల చొప్పున మొదటిసారి ఏడున్నర కిలోలు పట్టింది. వారానికి 20 లీటర్లు మారుస్తాం కాబట్టి ఇప్పుడు నెలకు మూడు కిలోలు.

ఉప్పు కలిపే నీళ్ల మీద ఎవరూ వాదించరు, అందుకే అక్కడే దెబ్బ తింటారు. వంటింటి ఆర్వో మెషీన్లలో తాగడానికి రుచిగా ఉండాలని కాస్త పచ్చి నీళ్లు కలిపే ఏర్పాటు ఉంటుంది. నీటిలో కరిగినవాటి లెక్క చెప్పే టీడీఎస్ మీటరు ఆయన ఇంట్లో పెడితే అరవై దాటింది. తాగడానికి బంగారంలాంటి నీళ్లే. కానీ ఆ అరవైలో నైట్రేటు, సిలికా ఎంతున్నాయో మీటరు చెప్పదు. విడిగా ఆర్వో, దాని తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ పెట్టి మీటరు సున్నా చూపించేదాకా తెచ్చాం. ఆర్వో వదిలేసే నీళ్లు డాబా మీద మొక్కలకు పోతున్నాయి.

ఆయన రిఫ్రాక్టోమీటర్ గురించి కూడా ఒక మాట. చెరువు దగ్గర అందరూ చేసినట్టే మంచినీటి చుక్కతో సున్నాకు సరిచేసి వాడుతున్నారు. దాని మీద 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణం వేసి చూస్తే 37 చూపించింది. అంటే అది 35 అని చెప్పిన రోజు అసలు ఉప్పు 33. చెరువులో రెండు పీపీటీ తేడాను ఎవరూ పట్టించుకోరు, అవసరం కూడా లేదు. ఇక్కడ మాత్రం ఇప్పుడు స్టాండర్డ్ ద్రావణంతోనే సరిచేస్తారు.

రాయి, ఇసుక, చట్టం

బతికున్న రాయి (సూక్ష్మజీవులు కాపురముండే సముద్రపు రాయి) తెప్పించమని అడిగేవాళ్లు ఉంటారు. మన సముద్రాల్లో దొరికే ఆ రాయి పగడపు అస్థిపంజరమే. రీఫ్ కట్టే గట్టి పగడాలన్నిటినీ, సముద్రపు విసనకర్రలనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. చచ్చిన ముక్క ఇంట్లో పెట్టుకున్నా నేరమే. కాబట్టి కాల్చిన సిరామిక్ రాయి వాడాం. పగడాల్లో షెడ్యూలులో లేని మెత్తని రకాలే, అదీ బిల్లుతో వచ్చినవే తీసుకున్నాం: మష్రూమ్, జోవాంతిడ్, లెదర్, సైన్యులేరియా. అక్రోపొరా అనే గట్టి పగడం కావాలని ఫొటో చూపించినప్పుడు కుదరదని చెప్పాను. ఆయన కూడా మళ్లీ అడగలేదు. తీరంలో చెరువులు నడిపేవాళ్లకు లైసెన్సు, తనిఖీ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇసుక దగ్గర ఇంట్లో గుంటలు (పిల్లలు) ముందే సిద్ధమైపోయారు. బీచ్‌కి వెళ్లి రెండు బకెట్లు నింపుకుని, కడిగి, డాబా మీద ఆరబెట్టారు. వద్దని మాటతో చెబితే చిన్నబుచ్చుకుంటారని గ్లాసు తుడిచే మాగ్నెట్ తీసి ఆ ఇసుక మీద ఆడించాను. పైకెత్తేసరికి దాని నిండా నల్లటి రేణువులు గడ్డంలా వేలాడుతున్నాయి. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలున్నాయి. ఆ మాగ్నెట్‌నే గ్లాసు మీద రుద్దితే ప్రతి తుడుపుకూ ఒక గీత పడుతుంది. గీతలు పక్కన పెట్టినా, ఆ ఇసుకలో ఎక్కువ భాగం సిలికా, నీటికి సున్నం ఇవ్వదు. బజారులో దొరికే అరగోనైట్ ఇసుక కాల్షియం కార్బొనేటు. ఆ రెండు బకెట్లూ తులసికోట పక్కన పోశారు.

ఫిబ్రవరిలో నీళ్లు నింపాక, విషమైన అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేటుగా మార్చే నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా సీసా పోసి, దాని తిండికి అమ్మోనియం క్లోరైడ్ వేశాం. మన నవాసాగరమే, కాకపోతే ల్యాబ్ గ్రేడు. 200 లీటర్లకు గ్రామున్నర వేస్తే అమ్మోనియా రెండు పీపీఎం (లీటరుకు రెండు మిల్లీగ్రాములు) దగ్గర నిలుస్తుంది. ఇక్కడ ఆయన ఓపిక నాకు బాగా నచ్చింది. చాలామంది రెండో వారానికే చేప ఎప్పుడేద్దాం అని ఫోన్లు చేస్తారు. ఈయన నోట్‌బుక్కులో రోజూ అమ్మోనియా, నైట్రైట్ రాసుకుంటూ కూర్చున్నారు. ఐదో వారంలో, వేసిన అమ్మోనియా ఒక్క రోజులో మాయమై నైట్రైట్ కూడా సున్నాకు వచ్చాక ఆయనే ఫోన్ చేసి, ఇక సీడ్ వదలొచ్చు అన్నారు, చెరువులో రొయ్య పిల్లల్ని వదిలేటప్పటి మాట అది. క్లౌన్ చేపల జత, రెండు క్లీనర్ రొయ్యలు, నత్తలు చెన్నై నుంచి రైల్లో ఆమదాలవలసకు వచ్చాయి.

పార్సిల్ చేపల విషయంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు. ఇన్ని గంటలు సంచిలో ఉన్న చేప వదిలిన అమ్మోనియా అందులోనే ఉంటుంది. కానీ కార్బన్ డయాక్సైడ్ కూడా పేరుకుని పీహెచ్ పడిపోతుంది కాబట్టి ఆ అమ్మోనియా పెద్దగా హాని చేయదు. సంచి విప్పి గంటసేపు చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ కూర్చుంటే గాలి తగిలి పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా ఊరుకున్న అమ్మోనియా విషమవుతుంది. అందుకే విప్పకముందే సంచిని నీళ్లలో తేల్చి వేడి సమం చేయాలి. దిగే నీటి ఉప్పును సంచి నీటి ఉప్పుకు ముందే దగ్గరగా పెట్టుకోవాలి. విప్పగానే చేపను చేత్తోనో గిన్నెతోనో తీసి వదిలేయాలి. సంచి నీళ్లు ట్యాంకులో పోయకూడదు.

నీటికి రంగొచ్చింది

మొదటి రెండు నెలల్లో ప్రతి ట్యాంకుకూ ఒక వికారమైన దశ వస్తుంది. ముందు రాళ్ల మీద గోధుమ రంగు డయాటమ్ పొర, తర్వాత పచ్చటి వెంట్రుకల పాచి. మిగతా కస్టమర్లు దీనికి భయపడతారు. ఈయన సంబరపడ్డారు. చెరువులో రంగు రావడమంటే ప్లాంక్టన్ పట్టింది, పంట దారిలో పడింది అని అర్థం మరి. రీఫ్ ట్యాంకులో అదే రంగు, తిండి ఎక్కువైందనడానికి గుర్తు. చెరువులో మనం నీటిని పోషిస్తాం. ఇక్కడ నీరు దాదాపు ఆకలితో ఉండాలి. నైట్రేటు ఐదు పీపీఎం చుట్టూ, ఫాస్ఫేటు 0.1 లోపు. అలాగని సున్నాకు తెస్తే పగడాలు పాలిపోతాయి. ఆయన టెస్టు చేస్తే నైట్రేటు నలభై దాటింది.

నలభై చూశాక సంబరం పోయి మందు గుర్తొచ్చింది. "మైలుతుత్తం రవ్వంత ఏస్తే పాచి పోద్ది కదా" అన్నారు. మైలుతుత్తమంటే కాపర్ సల్ఫేట్, చెరువుల్లో అలవాటైన మందే. పాచి నిజంగానే పోతుంది. పాచితోపాటు నత్తలు, రొయ్యలు, పగడాలు కూడా పోతాయి. పైగా రాగి రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకి, నీళ్లు మార్చినా నెలల తరబడి కొంచెం కొంచెంగా బయటికి వస్తూనే ఉంటుంది. ఆ సీసా హాలు గుమ్మం దాటకూడదని ఒప్పందం చేసుకున్నాం.

అసలు సమస్య తిండిలో ఉంది. ఇంట్లో ముగ్గురు నలుగురు మేత వేస్తున్నారు, ఎవరికి వాళ్లు చిటికెడే అనుకుంటూ. దీనికి మందు ఆయన దగ్గరే దొరికింది. చెరువులో మేత మిగిలిందో లేదో చెక్ ట్రే ఎత్తి చూస్తారు. అదే పద్ధతిలో ఒక చిన్న గాజు సాసర్‌ను ఇసుక మీద, ప్రవాహం తగలని మూల పెట్టారు. మేత అక్కడే పడేలా సన్నటి గొట్టంతో వదలడం, ఐదు నిమిషాలకు సాసర్ చూడడం. మొదటి రోజు మూడో వంతు అలాగే ఉంది. మర్నాడు సగం చేశారు, అయినా కొంత మిగిలింది. చివరికి తేలిందేమిటంటే, రోజుకు నాలుగుసార్లు వేస్తున్నదాంట్లో ఆ చేపలకు ఒక్కసారి వేసింది చాలు. వారం తిరిగేసరికి స్కిమ్మర్ కప్పులో చేరే నల్లటి కషాయం కూడా తగ్గింది. రీఫ్ ట్యాంకులో సాసర్ పెట్టడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. ఇప్పుడు ప్రతి కొత్త కస్టమరుకూ ఒక సాసర్ కొనిపిస్తున్నాను.

బెల్లం సంగతి కూడా చెప్పాలి. మిగిలిన నైట్రేటు దింపడానికి బెల్లం నీళ్లు పోద్దామా అని అడిగారు. నవ్వొస్తుంది గానీ ఆలోచన తప్పు కాదు. చెరువులో బెల్లం, తవుడు వేసేది బ్యాక్టీరియాకు కార్బన్ అందించడానికే. ఆ బ్యాక్టీరియా పెరుగుతూ నీళ్లలోని నత్రజనిని మింగుతుంది. రీఫ్ ట్యాంకులోనూ ఇదే సూత్రం, కాకపోతే పెరిగిన బ్యాక్టీరియాను నురుగుతో బయటికి లాగడానికి స్కిమ్మర్ ఉంటుంది. కానీ బెల్లంలో ఏ ఖనిజం ఎంతుందో తెలియదు. మోతాదు మించితే రాత్రికి రాత్రి నీళ్లు పాలలా తెల్లబడి ఆక్సిజన్ పడిపోతుంది. ఏరేటర్ ఆగిన చెరువులో తెల్లవారేసరికి ఏం జరుగుతుందో ఆయనకు నేను చెప్పక్కర్లేదు. వంటింట్లో వాడే తెల్ల వెనిగర్, రోజుకు రెండు మూడు మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, వారం వారం నైట్రేటు చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచాం. నైట్రేటు పది లోపుకు దిగాక అక్కడే ఆపాం.

ఆల్కలినిటీ లెక్క కూడా ఆయన యూనిట్లలోనే పెట్టుకున్నాం. రీఫ్ కిట్లు డీకేహెచ్‌లో చూపిస్తాయి, చెరువు ల్యాబులు పీపీఎంలో చెబుతాయి. ఒక డీకేహెచ్ అంటే 17.9 పీపీఎం. మనకు కావలసిన ఎనిమిది డీకేహెచ్ ఆయన భాషలో 143. అలా చెప్పాక ఆ అంకె ఆయన మళ్లీ మరిచిపోలేదు.

తెల్ల మచ్చలు

పగడాలు దిగిన కొన్నాళ్లకు, విశాఖ వెళ్లినప్పుడు మూడు క్రోమిస్ చేపలు కొని తెచ్చి నేరుగా ట్యాంకులో వేశారు. పది రోజుల్లో క్లౌన్ చేప రెక్క మీద ఉప్పు చల్లినట్టు మచ్చలు. రాత్రి పదకొండింటికి ఫోన్. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. రొయ్యల రైతుకు వైట్ స్పాట్ అంటే వైరస్. చెరువు చెరువంతా రోజుల్లో పోతుంది, ఉన్నది ఉన్నట్టు పట్టేసి అమ్ముకోవడమే. ఇది అది కాదని ముందు ధైర్యం చెప్పాను. ఇది క్రిప్టోకారియాన్ అనే ఏకకణ పరాన్నజీవి. చేపకే పడుతుంది, రొయ్యను, పగడాన్ని ఏమీ చేయదు. కొన్ని రోజులు చేప చర్మంలో ఉండి, రాలి, రాయి మీదో ఇసుకలోనో గుడ్డులాంటి తొడుగు కట్టుకుంటుంది. అది పగిలి వచ్చిన పిల్లలు మళ్లీ చేపను వెతుక్కుంటాయి. చేప మీద మచ్చలు మాయమైతే జబ్బు పోయిందనుకుంటారు. అప్పుడది ఇసుకలో లెక్క పెంచుకుంటూ ఉంటుంది.

చేపలన్నిటినీ అరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాం. అందులో స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు, అంతే. రాయి గానీ ఇసుక గానీ ఉంటే మందును పీల్చేస్తాయి. ఆ మందు ఏమిటంటారా, ఆయన ముందు అడిగిన మైలుతుత్తమే. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల రాగి కావాలి. అరవై లీటర్లకు అది 12 మిల్లీగ్రాములు, మైలుతుత్తంలో రాగి నాలుగో వంతు కాబట్టి 47 మిల్లీగ్రాముల పొడి. ఇంత చిన్న తూకం ఇంట్లో కుదరదు. ల్యాబ్ గ్రేడు పొడి 4.7 గ్రాములు లీటరు ఆర్వో నీళ్లలో కరిగిస్తే, అందులో పది మిల్లీలీటర్లు టబ్బుకు సరిపోతాయి. దాన్ని కూడా రెండు రోజుల మీద కొంచెం కొంచెంగా కలిపి, పొద్దునా సాయంత్రం కాపర్ కిట్‌తో చూసుకుంటూ నాలుగు వారాలు నిలిపాం. నీళ్లు మార్చినప్పుడల్లా మారిన నీటికి సరిపడా మందు. ఒక క్రోమిస్ మొదటి వారంలోనే పోయింది. మిగతావి తేరుకున్నాయి.

అసలు ట్యాంకును 76 రోజులు చేప లేకుండా ఉంచాం. ఆకలితో పరాన్నజీవి చావాలంటే అంత గడువు ఇవ్వాలి. ఇంట్లో గుంటలకు ఇదే పెద్ద శిక్ష, రోజూ అడిగేవారు. ఈ దశలో చెరువు క్రమశిక్షణ ముందు నా పద్ధతులు చిన్నబోయాయి. టబ్బుకు విడిగా వల, విడిగా బకెట్, విడిగా తువ్వాలు. టబ్బులో చెయ్యి పెట్టినవాళ్లు బ్లీచింగ్ నీళ్లలో ముంచుకోకుండా ట్యాంకు దగ్గరికి రాకూడదు. వాటి మీద ఎర్ర రిబ్బను కట్టి గోడకు తగిలించారు. ఇంకో నియమం కూడా ఆయన పెట్టిందే: ట్యాంకులోంచి తీసిన ప్రతి చుక్కా బ్లీచింగ్ కలిపాకే బయటికి పోవాలి. క్లీనర్ రొయ్యలు ఎక్కడివో, ఏ వైరస్ మోస్తున్నాయో ఎవరికి తెలుసు, నా చెరువు దగ్గరికి పోయే కాలువలో ఆ నీళ్లు పడకూడదు అన్నారు. అలాగే చెరువు దగ్గర వాడిన ఏ సామానూ ట్యాంకు గదిలోకి రాదు.

ఎండాకాలం, కరెంటు

మే నెలలో హాలు మధ్యాహ్నం 35 డిగ్రీలు. ట్యాంకు 26 దగ్గర ఉండాలి. ముప్పై దాటి కొన్ని రోజులు ఉంటే పగడం లోపలి ఆల్గేను బయటికి తోసేసి తెల్లబడుతుంది. నీటి మీద ఫ్యాన్ పెడితే చాలని ఎండ పొడిగా ఉండే ఊళ్లవాళ్లు చెబుతారు. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, నీరు ఆవిరయ్యేదే తక్కువ, ఫ్యాన్ రెండు డిగ్రీలకు మించి దించదు. అందుకే పావు హార్స్‌పవర్ చిల్లర్. అది వదిలే వేడి మళ్లీ హాల్లోనే తిరగకుండా పైపులు పొడిగించి బాల్కనీలో పెట్టాం. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఆవిరి కాదు కాబట్టి తగ్గిన నీటిని ఎప్పుడూ ఉప్పు లేని ఆర్వో నీళ్లతోనే నింపాలి. ఆటో టాపప్ పని అదే.

వేసవిలో చిల్లర్‌తో సహా రోజుకు నాలుగు నుంచి నాలుగున్నర యూనిట్లు. చలికాలంలో అందులో సగం. ట్యాంకు కట్టడానికి మొత్తం లక్షన్నర దాకా అయింది, అందులో చిల్లర్, లైటు, స్కిమ్మర్‌దే పెద్ద వాటా.

కరెంటు పోతే ఏమిటన్నది మన దగ్గర ఊహలో ప్రశ్న కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు జిల్లాలో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2021లో గులాబ్ కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. ట్యాంకులో లైటు లేకపోతే మూడు రోజులైనా ఏమీ కాదు. నీటి కదలిక ఆగితే కొన్ని గంటల్లో ఊపిరాడదు. ఉప్పు నీటిలో మంచినీటికన్నా ఆక్సిజన్ ఐదో వంతు తక్కువ పడుతుంది. ఆయన ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ ఉంది. దాన్నుంచి నమ్మకంగా వాడుకోగలిగేది 1,100 వాట్ అవర్లు అనుకుందాం. పది వాట్ల వేవ్ మేకర్ ఒక్కటే నడిపితే నాలుగైదు రోజులు వస్తుందని లెక్కేశారు. ఇన్వర్టర్ తాను నడవడానికే ఇరవై వాట్ల దాకా తింటుందన్నది ఆ లెక్కలో లేదు. అది కలిపితే ఒకటిన్నర రోజు. అదీ ఇంట్లో మిగతా ఫ్యాన్లు ఆపితేనే. కాబట్టి తుఫాను హెచ్చరిక రాగానే మూడు పనులని రాసి స్టాండు తలుపు లోపల అంటించాం: మేత ఆపడం, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు బయటికి తీయడం, చెరువు జనరేటర్లలో చిన్నదాన్ని డీజిల్‌తో ఇంటికి పంపడం. మొన్న అక్టోబరు వానల్లో రాత్రంతా కరెంటు లేని రోజు మొదటి రెండిటితోనే గడిచింది.

ఇప్పుడు ట్యాంకు ఉప్పు 35, ఆల్కలినిటీ 143 నుంచి 150 మధ్య, కాల్షియం 420, నైట్రేటు ఐదు. మష్రూములు రాయి పక్కకు పాకాయి. జోవాంతిడ్‌లను తాకాల్సివస్తే గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి అని ఇంట్లో అందరికీ చెప్పాను. వాటిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. ఆ రాయిని ఎప్పుడూ వేడినీళ్లతో కడగకూడదు, ఆవిరి పీల్చినా ఆసుపత్రి పాలవుతారు.

ఆయనకు ఇప్పుడు పై అంతస్తులో ఆరడుగుల ట్యాంకు కావాలి. ఆరు, రెండు, రెండు అడుగులంటే నీళ్లే 680 లీటర్లు. గ్లాసు, రాయి, సంప్ కలిపితే టన్ను. కింద దూలం ఎక్కడుందో ఆయనకు తెలియదు, ఇల్లు కట్టిన మేస్త్రీ చెప్పిన మాట నాకు చాలదు. స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూసి కాగితం మీద రాసిచ్చేదాకా గ్లాసు ఆర్డర్ పెట్టనన్నాను. ప్రస్తుతం విషయం అక్కడే ఆగి ఉంది.